నాలుగేళ్ల లెక్క

సైన్యంలో చేరాలా వద్దా అన్న ప్రశ్నకు దేశభక్తి ఒక్కటే జవాబు కాదు. జీతం ఒక్కటే కూడా కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఇంట్లో ఆ జవాబు కోసం నోటు పుస్తకంలో గీత గీసి లెక్క వేయాల్సి వచ్చింది.

2025 మే 9. నరసన్నపేటకు దగ్గర్లోని ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఎప్పటిలాగే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వంశధార కాలువ గట్టు మీద పరుగు తీశాడు. స్నేహితుడు సెల్‌ఫోన్‌లో సమయం చూస్తూ గట్టు చివర నిలబడ్డాడు. దూరం 1.6 కిలోమీటర్లు. అయిదున్నర నిమిషాల్లోపు ముగిస్తే సైనిక ర్యాలీలో పరుగుకు పూర్తి మార్కులు, అంటే 60, వస్తాయి. ఆ రోజు అతనికి పట్టింది అయిదు నిమిషాల 24 సెకన్లు. ఆర్నెల్లుగా ఆ గీత దాటాలని ప్రయత్నిస్తున్నాడు.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ జమ్మూకాశ్మీర్ సరిహద్దులో పాకిస్థాన్ కాల్పుల్లో మరణించారన్న వార్త టీవీలన్నిటా వచ్చింది. 2022లో సైన్యంలో చేరిన కుర్రాడు. తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవారు. వాళ్లకు ఆయన ఒక్కడే కొడుకు.

ఈ ఇంట్లో తల్లి రిమోట్ అందుకుని టీవీ గొంతు నొక్కేసింది. బొమ్మలు కదులుతున్నాయి, మాట లేదు. కాసేపటికి కొడుకు వైపు తిరిగి ఒకే ముక్క అంది: "నువ్వు ఆ పరీక్ష రాయొద్దు." అతను అప్పటికే దరఖాస్తు పెట్టాడు. ఆన్‌లైన్ రాత పరీక్ష జూన్ ఆఖర్లో మొదలవుతుంది. తండ్రి ఏమీ మాట్లాడలేదు. ఎకరంన్నర పొలం, దాని మీద సొసైటీ అప్పు ఉన్న మనిషి అలాంటి సమయాల్లో మాట్లాడడానికి ఏముంటుంది?

మర్నాడు ఆమె తన అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన్ని చుట్టుపక్కల ఊళ్లలో అసలు పేరుతో ఎవరూ పిలవరు. మిలిటరీ బాబు అంటారు. 1991లో శతఘ్ని దళంలో చేరి, హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది, 24 ఏళ్ల సర్వీసు తర్వాత 2015లో హవల్దారుగా ఇంటికొచ్చారు. ఇప్పుడు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో కూర్చుంటారు.

"అన్నయ్యా, వాడు నా మాట వినడు. నువ్వు చెప్తే వింటాడు. వద్దని చెప్పు" అంది.

ఆయనకు ఇరకాటం వచ్చిపడింది. వద్దని చెప్పడానికి నోరు రాదు. ఆయన ఇల్లు కట్టింది సైన్యం డబ్బుతో. ఇద్దరు కూతుళ్ల చదువు, పెళ్లిళ్లు అయ్యాయి. నెల నెలా పింఛను వస్తుంది. జబ్బు చేస్తే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉంది. క్యాంటీన్ కార్డు ఉంది. ఆయన సెలవు మీద వస్తున్నాడంటే వారం ముందు నుంచే బంధువులకు ప్రేమలు పుట్టుకొచ్చేవి, రమ్ము సీసా కోసం. మామూలు తెలుగువాడికి సైన్యం గురించి తెలిసినవి రెండే అని ఆయన హాస్యమాడతారు. ఒకటి క్యాంటీన్ సరుకు, రెండోది మాంసం భోజనం దొరికే మిలిటరీ హోటల్ బోర్డు.

అదే సమయంలో వెళ్లమని చెప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఎందుకంటే తాను చేరిన సైన్యం షరతులు వేరు, మేనల్లుడు చేరబోయే సైన్యం షరతులు వేరు.

తరతరాలుగా ఆంధ్ర పల్లెల్లో సైన్యంలో చేరడమంటే ఒక ఒప్పందం. యవ్వనం వాళ్లకిస్తే ముసలితనం వాళ్లు చూసుకుంటారు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనడం వెనుక ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఈ ఒప్పందం ఉంది. అక్కడ సైన్యంతో సంబంధం లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. ఉత్తరాంధ్రలో భూమి తక్కువ, వలస ఎక్కువ. చెన్నైకో, హైదరాబాద్‌కో తాపీ పనికి పోయే కుర్రాడికి, రైలెక్కి రెజిమెంటల్ సెంటర్‌కు పోయే కుర్రాడికి తేడా ఆ చివరి షరతే. కనీసం 15 ఏళ్లు సర్వీసు చేస్తే జవానుకు జీవితాంతం పింఛను. ఆయన పోతే భార్యకు కుటుంబ పింఛను.

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించడంతో జవాన్ల విషయంలో ఆ షరతు మారిపోయింది. చేరేది నాలుగేళ్లకే. ఆ తర్వాత ఒక్కో బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవాళ్లు సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఆ హోదాతో వచ్చే వైద్యం, క్యాంటీన్ లేవు. కోవిడ్ కారణంగా రెండేళ్లపాటు నియామక ర్యాలీలు ఆగిపోయి, ఎదురుచూపులతో వయసు మీరిపోతున్న కుర్రాళ్ల మీద ఆ వార్త పిడుగులా పడింది. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. కేసుల్లో ఇరుక్కున్న వాళ్లకు ఏ ప్రభుత్వోద్యోగమైనా కలగానే మిగిలే పరిస్థితి వచ్చింది.

మావయ్య ఆదివారం సాయంత్రం బస్సు దిగారు. రాగానే నీతులు మొదలెట్టలేదు. భోజనాలయ్యాక మేనల్లుడి నోటు పుస్తకం అడిగి తీసుకుని, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీశారు. ఒక పక్క జమ, ఇంకో పక్క ఖర్చు అని రాశారు.

"ఒరే, నువ్వు జమ చెప్పు. మీ అమ్మ ఖర్చు చెప్తాది. నేను తప్పులు దిద్దుతాను" అన్నారు.

కుర్రాడికి అంకెలన్నీ నోటికొచ్చు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, రెండో ఏడు 33 వేలు, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40 వేలు. అందులో 30 శాతం కోసి సేవానిధిలో వేస్తారు. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. చేతికొచ్చేది మొదట 21 వేలు, ఆఖర్న 28 వేలు. తిండి, బట్ట, బస వాళ్లవే. నాలుగేళ్ల తర్వాత వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు, పన్ను లేకుండా. "మన ఊళ్లో పాతికేళ్లకి అంత డబ్బు చేతిలో ఉన్నోడు ఎవడున్నాడు మావా?" అన్నాడు.

మావయ్య కాదనలేదు. జమ కింద రాసి, తనకు తెలిసిన మరికొన్ని కలిపారు. ఈ ఉద్యోగానికి లంచం అక్కర్లేదు. దళారి ఎవడైనా డబ్బు అడిగాడంటే వాడు దొంగే. పరుగు పందెంలో ఊపిరితిత్తులకు సిఫారసు ఉత్తరం పనికిరాదు. బ్యారక్‌లో పక్క మంచం మీద మణిపూర్ వాడో, బీహార్ వాడో ఉంటాడు. ఆర్నెల్లలో హిందీ దానంతటదే వచ్చేస్తుంది. వేళకు లేవడం, చెప్పిన పని చెప్పినట్టు చేయడం, పదిమందిలో నిలబడి మాట్లాడడం ఒంటబడతాయి. పదో తరగతి తప్పుతాడనుకున్న తన బ్యాచ్ కుర్రాడు ఒకడు వైర్‌లెస్ సెట్లు విప్పి బిగించే మెకానిక్ అయిన సంగతి చెప్పారు. ఇంటర్‌తో చేరిన వాడికి ఇగ్నో ద్వారా డిగ్రీ చేసే వీలును కూడా కేంద్రం 2022లోనే ప్రకటించింది. శిక్షణకు, అక్కడ నేర్చుకున్న పనికి అందులో సగం క్రెడిట్లు ఇస్తామంది.

తర్వాత పెన్ను చెల్లెలి వైపు తిప్పారు. ఆమె చెప్పిన ఖర్చు ఒక్కటే: "వాడు తిరిగి రాకపోతే?"

అది ఏ అంకె కింద రాయాలో తెలియక ఆయన కాసేపు ఆగిపోయారు. రాయదగ్గ అంకెలు లేకపోలేదు. విధి నిర్వహణలో ప్రాణం పోతే అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలం జీతం, సేవానిధి అందేలా పథకంలో ఉంది. మొత్తం కలిపితే కోటి దాకా వెళ్తుంది. కానీ పాత పద్ధతిలో చేరిన జవాను యుద్ధంలో మరణిస్తే అతని కుటుంబానికి నెల నెలా వచ్చే పింఛను, అగ్నివీర్ కుటుంబానికి లేదు. తూటాకు మాత్రం ఎవరు ఏ పథకంలో చేరారో తెలియదు. పక్కపక్క బంకర్లలో ఒకే చలికి వణికే ఇద్దరి ప్రాణాలకు రెండు రకాల లెక్క ఎందుకన్న ప్రశ్నకు ఇంతవరకు సంతృప్తికరమైన జవాబు రాలేదు.

మిగిలిన ఖర్చులు మావయ్యే రాశారు. సెలవు: మామూలు జవానుకు వార్షికం, క్యాజువల్ కలిపి ఏడాదికి 90 రోజులు, అగ్నివీర్‌కు 30. మనసు మారితే మధ్యలో వచ్చేయడం: ఏదో అసాధారణ కారణం ఉంటే తప్ప కుదరదు. నలుగురిలో ముగ్గురు వెనక్కి రావాలి: వచ్చేసరికి వయసు పాతిక. తోటివాళ్లు అప్పటికి డిగ్రీ అయిపోయి ఏదో ఒక దారిలో పడి ఉంటారు. కేంద్ర పారామిలిటరీ బలగాల్లో, రక్షణ శాఖ కొలువుల్లో 10 శాతం రిజర్వేషన్ ఇస్తామని 2022లో ప్రకటించారు. కానీ రిజర్వేషన్ అంటే ఉద్యోగం కాదు, పోటీలో ఒక వరుస. ఇక పెళ్లి సంబంధాలు. ఒకప్పుడు మిలిటరీ సంబంధం అంటే పిల్లను దూరంగా పంపాలని భయపడేవాళ్లే కానీ, పింఛను చూసి సరేననేవాళ్లు. ఇప్పుడు నాలుగేళ్ల తర్వాత ఏం చేస్తాడని అడుగుతారు.

రెండు పక్కలా పేజీ నిండింది. అప్పుడు కుర్రాడు ఒక మాట అన్నాడు. అతనికి ఇంకో దారి లేకపోలేదు. అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు మీద చేరిన సీనియర్లు రమ్మంటున్నారు. "అక్కడ ప్రాణానికి ఢోకా లేదంటావా అమ్మా? నిరుడు ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగితే 17 మంది పోయారు కదా. వాళ్లకి జెండా కూడా కప్పలేదు."

ఆ మాటకు తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు అన్నది నిజమే కావడం ఆమెకు మరింత బాధ కలిగించింది.

సైన్యం మంచి చెడ్డల గురించి పట్టణాల్లో జరిగే వాదనల్లో ఈ సంగతి పెద్దగా వినపడదు. అక్కడ ఒక వర్గం సైన్యాన్ని పొగుడుతుంది, తమ పిల్లల్ని మాత్రం ఇంజినీరింగ్‌కు పంపుతుంది. ఇంకో వర్గం పేదవాళ్లను బలి పెడుతున్నారని జాలిపడుతుంది, ఆ పేదవాళ్లు కూడా ఆలోచించి నిర్ణయం తీసుకుంటారని మరిచిపోతుంది. నిజానికి సైన్యానికి రెండు గుమ్మాలున్నాయి. అధికారుల గుమ్మానికి అగ్నిపథ్ వర్తించదు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్‌డీఏ మీదుగా వెళ్లిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు ఆ గుమ్మం గుండా వెళ్లారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆయనతో కలిపి 20 మంది సైనికులు మరణించారు. కమాండింగ్ అధికారి, జవాన్లు ఒకే రాత్రి ఒకే చోట నేలకొరిగారు. లోపలికి వెళ్లే గుమ్మాలు రెండు కావచ్చు, ముందు నిలబడాల్సిన హద్దు ఒక్కటే.

ప్రభుత్వం కూడా జమా ఖర్చు రాసుకునే అగ్నిపథ్ తెచ్చింది. జవాన్ల సగటు వయసు 32 నుంచి 26కు తగ్గాలి, సైన్యం కుర్రతనంతో ఉండాలి అన్నది పైకి చెప్పిన లెక్క. చెప్పకపోయినా అందరికీ తెలిసిన లెక్క పింఛన్లది. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలైతే అందులో దాదాపు 1.61 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి. ఆ డబ్బుతో కొత్త ఆయుధాలు కొనవచ్చన్న వాదనలో అర్థం లేకపోలేదు. అయితే దేశం ఇంత జాగ్రత్తగా లెక్క వేసుకున్నప్పుడు, కొడుకుని పంపే తల్లి లెక్క అడిగితే అది దేశభక్తి లోపం ఎలా అవుతుంది? సైన్యంలో చేరడం త్యాగమే అయితే, ఎంత ఇస్తున్నామో తెలిసి ఇచ్చినప్పుడే దానికి విలువ. తెలియకుండా ఇచ్చింది త్యాగం కాదు, నష్టపోవడం.

రెండో రోజు రాత్రి మావయ్య ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. 2003లో తండ్రి పోయినప్పుడు ఆయన లేహ్‌లో ఉన్నారు. జనవరి. మంచు వల్ల మూడు రోజులు విమానం లేదు. ఢిల్లీ చేరి రైలెక్కి ఊరొచ్చేసరికి ఏడో రోజు. కొరివి పెట్టింది తమ్ముడు. "పింఛను తీసుకున్న ప్రతి నెలా బ్యాంకులో సంతకం పెడుతుంటే ఆ ఏడు రోజులు గుర్తుకొస్తాయి. అలాగని ఆ ఇరవై నాలుగేళ్లు వద్దనుకోను. రెండూ నావే" అన్నారు. చెల్లెలు ఆ మాట మొదటిసారి వింది. అన్నయ్య అప్పుడు ఆలస్యంగా వచ్చాడని ఆమె మనసులో ఇరవై ఏళ్లకు పైగా ఒక చిన్న కినుక ఉండిపోయింది.

మూడో రోజు ఉదయం ఆయన తీర్పు చెప్పలేదు. మేనల్లుడి ముందు మూడు షరతులు పెట్టారు. ఒకటి, నాలుగేళ్లకే వెళ్తున్నానని అనుకుని వెళ్లాలి. ఆ 25 శాతంలో ఉంటానన్న ఆశ మీద ఇల్లు కట్టకూడదు. ఉంచుకుంటే అదనపు లాభం, ఉంచుకోకపోతే అవమానం కాదు. రెండు, చేరిన ఏడాదే డిగ్రీకి పేరు నమోదు చేసుకోవాలి. బయటికొచ్చే రోజుకు చేతిలో పట్టా, ఒక డ్రైవింగ్ లైసెన్సో సాంకేతిక సర్టిఫికెట్టో ఉండాలి. మూడు, సేవానిధి డబ్బు అక్క పెళ్లికో, పొలం అప్పుకో, కొత్త మోటారు సైకిల్‌కో కాదు. అది పాతికేళ్ల వయసులో మళ్లీ మొదలుపెట్టే జీవితానికి పెట్టుబడి. ఈ మూడో షరతు చెబుతున్నప్పుడు ఆయన మేనల్లుడి వైపు కాదు, బావమరిది అయిన ఇంటి యజమాని వైపు చూశారు.

తండ్రి అప్పుడు నోరు విప్పాడు. "సొసైటీ అప్పు నాది బావా. నేను తీర్చుకుంటాను. వాడి డబ్బు ముట్టను." మూడు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

తల్లి సరేనని అనలేదు, కాదని కూడా అనలేదు. కానీ మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు కొడుకు లేచేసరికి రాగిజావ గ్లాసు స్టూలు మీద ఉంది.

జూలై మొదటి వారంలో అతను పరీక్ష రాసి వచ్చాడు. బాగానే రాశానన్నాడు. ర్యాలీలో పరుగు, వైద్య పరీక్షలు, తుది జాబితా ఇంకా ముందున్నాయి. ఎంతమంది రాస్తారో, ఎందరు మిగులుతారో తెలిసిందే. గట్టు మీద పరుగు ఆపలేదు. సెలవు దొరికినప్పుడల్లా మావయ్యే వచ్చి గట్టు చివర గడియారం పట్టుకుని నిలబడుతున్నారు.

జమా ఖర్చుల పేజీని తల్లి చించి, మడిచి, పట్టాదారు పాస్ పుస్తకంలో పెట్టి బీరువాలో దాచింది. దాచే ముందు అన్నయ్యను ఒక్కటే అడిగింది.

"వచ్చే ఏడు చేరితే, 2030కి వచ్చేస్తాడు కదా?"

"వచ్చేస్తాడు" అన్నారు ఆయన.